సి డ్రైవ్ ఎర్రబడినప్పుడు: తాత్కాలిక ఫైళ్లను వెతికి, చూసి, తీసేయడం ఎలా

అమలాపురంలోని నా మరమ్మతు దుకాణానికి పాలకొల్లు నుంచి వచ్చినా, రావులపాలెం నుంచి వచ్చినా, బల్ల మీద కంప్యూటర్ పెడుతూ చెప్పే మాట ఒక్కటే. "ఆయ్, నేను కొత్తగా ఏమీ ఎక్కించలేదండి. అయినా సి డ్రైవ్ ఎర్రబడిపోయింది." అంటే విండోస్ ఉండే డ్రైవ్‌లో చోటు దాదాపు అయిపోయిందని. వాళ్ల మాట అబద్ధం కాదు. ఎక్కించింది వాళ్లు కాదు, వాళ్ల కంప్యూటరే. పెళ్లి ఆల్బమ్ చేస్తుంటే ఫొటోషాప్, లెక్కలు రాస్తుంటే ఎక్సెల్, కాగితం ముద్రిస్తుంటే ప్రింటర్, అప్‌డేట్ దించుకుంటుంటే విండోస్, ఒక్కొక్కటీ తన అవసరానికి కొన్ని ఫైళ్లు రాసుకుంటుంది. ఇవే తాత్కాలిక ఫైళ్లు. పని ముగిశాక వాటిని అదే చెరిపేయాలి. ఈలోగా కరెంటు పోతే ప్రోగ్రామ్ పోతుంది, ఫైలు మిగిలిపోతుంది. గాలివాన వచ్చిన ప్రతి సాయంత్రం మన వైపు ఇలాంటివి కొన్ని పోగవుతాయి.

ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం నా వల్ల కాక ఇది రాస్తున్నాను. ఒక్క విషయం మనసులో పెట్టుకుని చదవండి. కంప్యూటర్ తన కోసం రాసుకున్న ఫైలును తీసేయవచ్చు, మీరు రాసుకున్న ఫైలును తీయకూడదు. రెండూ ఒక్కోసారి ఒకే ఫోల్డరులో కలిసి ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇక్కడ చెప్పినవి విండోస్ 10, 11 రెండింటికీ పనికొస్తాయి. మెనూల పేర్లను తెలుగులో రాస్తున్నాను, మీ తెర మీద అవి ఇంగ్లీషులో కనిపిస్తాయి.

కావలసినవి

- రెండు గంటల తీరిక. పాత హార్డ్ డిస్కు అయితే ఇంకొంచెం ఎక్కువ.
- పని ఫైళ్లు దాచుకోవడానికి ఒక బయటి డిస్కు. చిన్న లెక్కలే అయితే పెన్ డ్రైవ్ చాలు.
- కాగితం, పెన్ను.
- కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్.
- డెస్క్‌టాప్ అయితే పని చేసే యూపీఎస్. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి.

ఏ క్లీనర్ ప్రోగ్రామూ అక్కర్లేదు. ఉచితమని దించుకునే వాటిలో చాలావరకు విండోస్‌లో ఉన్న పనినే చేసి, మధ్యలో ప్రకటనలు చూపిస్తాయి. రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటును) శుభ్రం చేస్తామనే వాటి జోలికి అసలు వెళ్లవద్దు. వాటి వల్ల కలిసివచ్చే చోటు లెక్కలోకి రానంత తక్కువ, ఏదైనా చెడితే విండోస్ మళ్లీ ఎక్కించుకోవలసి రావచ్చు.

1. ముందు కొలత రాసుకోండి

'దిస్ పీసీ' తెరిచి, సి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి, 'ప్రాపర్టీస్' చూడండి. 'ఫ్రీ స్పేస్' దగ్గర ఉన్న అంకెను తేదీతో సహా కాగితం మీద రాయండి. ఖాళీ పదో వంతు కంటే తగ్గినప్పుడు గీత ఎర్రబడుతుంది.

256 జీబీ డిస్కు కొంటే 238 అనే చూపిస్తుంది, 500 జీబీ అయితే 465. మిగిలినది చెత్త తినేసిందని కొందరు వాదిస్తారు. కాదు. అమ్మేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. ఆ తేడాను ఎవరూ శుభ్రం చేయలేరు.

2. మీ పని ఫైళ్లను పక్కకు తీయండి

ఈ మెట్టును దాటవేసినవారే తరువాత నా దగ్గరకు పరుగెత్తుకొస్తారు, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

డెస్క్‌టాప్ మీద పెట్టినది ఎక్కడో విడిగా ఉండదు, సి డ్రైవ్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డరూ అంతే. వీడియో తీసేవారిలో చాలామంది పెళ్లి షూటింగు ఉన్న మెమరీ కార్డు మొత్తాన్ని డెస్క్‌టాప్ మీద పోసి, సి డ్రైవ్ ఎందుకు నిండిందని అడుగుతారు. దాన్ని డి డ్రైవ్‌కో బయటి డిస్కుకో మారిస్తే, ఈ వ్యాసంలోని మిగతా మెట్లన్నీ కలిపి ఇవ్వలేనంత చోటు దొరకవచ్చు.

కాపీ అయ్యాక అక్కడి నుంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసిన తరువాతే పాతవి తీయండి. కాపీ అయినట్టు కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. విండోస్ 10లో 2018 చివర వచ్చిన ఒక అప్‌డేట్ తరువాత, డిస్క్ క్లీనప్ జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా వచ్చి చేరింది. 2020లో మళ్లీ తొలగించారు. ఆ మధ్య కాలంలో ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్‌లో అలవాటు కొద్దీ అన్ని గడులూ టిక్ చేసి సరే అనేశాను. ఖాతాదారులు మెయిల్‌లో పంపిన ఫొటోలన్నీ ఆ డౌన్‌లోడ్స్‌లోనే ఉన్నాయి. కొన్ని మెయిల్ నుంచి మళ్లీ దించుకోగలిగాం, కొన్ని పోయాయి. అప్పటి నుంచి జాబితాలో ప్రతి వరుసనూ వేలు పెట్టి చదివి గానీ టిక్ చేయను. మీరూ అలాగే చేయండి. ఎస్ఎస్‌డీ డిస్కు (కదిలే భాగాలు లేని కొత్త రకం డిస్కు) అయితే మరీ జాగ్రత్త. చెరిపిన ఫైళ్ల చోటును అది లోలోపల ఖాళీ చేసేసుకుంటుంది కాబట్టి, వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లకు తరచుగా ఏమీ దొరకదు.

3. కరెంటు పోయి ఆగిన పనులను ముందు కోలుకోనివ్వండి

ఇటీవల పని మధ్యలో కంప్యూటర్ ఆగిపోయి ఉంటే, వర్డ్, ఎక్సెల్, ఫొటోషాప్ ఒక్కొక్కటీ తెరవండి. దాచుకున్న ప్రతి ఉంటే అవే ముందుకు తెచ్చి చూపిస్తాయి. దాన్ని సరైన పేరుతో సేవ్ చేసి మూసేయండి. శుభ్రం చేశాక తెరిస్తే చూపించడానికి ఏమీ మిగలకపోవచ్చు.

4. అన్నీ మూసి, రీస్టార్ట్ చేయండి

ఎండాకాలంలో కాలువలు కట్టేశాకే పూడిక తీస్తారు. నీరు పారుతుండగా పార పట్టుకుని ఎవరూ దిగరు. ఇక్కడా అంతే. ప్రోగ్రాములు తెరిచి ఉండగా తాత్కాలిక ఫైళ్లను తీయబోతే సగం రావు, వచ్చిన సగం వల్ల తెరిచి ఉన్న పని చెడవచ్చు.

'షట్ డౌన్' కాదు, 'రీస్టార్ట్' నొక్కండి. చాలా కంప్యూటర్లలో షట్ డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగకుండా నిద్రపోతుంది. రీస్టార్ట్‌లోనే అది మొదటి నుంచి లేస్తుంది, సగంలో ఉన్న అప్‌డేట్లు కూడా పూర్తవుతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రీస్టార్ట్ చేయకుండానే టెంప్ ఫోల్డరు (తాత్కాలిక ఫైళ్లు చేరే చోటు) ఊడ్చేస్తే ఆ సాఫ్ట్‌వేర్ సగంలో ఆగిపోవచ్చు.

5. విండోస్ చూపించే జాబితా నుంచి తీయండి

'సెట్టింగ్స్', 'సిస్టమ్', 'స్టోరేజ్', 'టెంపరరీ ఫైల్స్' వరుసగా తెరవండి. లెక్క తేలడానికి కొంతసేపు పడుతుంది. తరువాత గడుల జాబితా వస్తుంది.

'టెంపరరీ ఫైల్స్', 'థంబ్‌నెయిల్స్', 'డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్': ఇవి సందేహం లేకుండా టిక్ చేయవచ్చు. థంబ్‌నెయిల్స్ అంటే ఫొటోల చిన్న బొమ్మలు. తీసేస్తే ఫోల్డరు తెరిచినప్పుడు మళ్లీ తయారవుతాయి, మొదటిసారి కాస్త నెమ్మదిగా కనిపిస్తాయి. అసలు ఫొటోలకు ఏమీ కాదు.

'విండోస్ అప్‌డేట్ క్లీనప్': బాగా చోటిస్తుంది. తీశాక, ఇప్పటికే ఎక్కిన అప్‌డేట్లను వెనక్కి తీయడం కుదరదు. కంప్యూటర్ బాగానే నడుస్తుంటే తీసేయండి. నిన్ననే అప్‌డేట్ ఎక్కి ప్రింటర్ మొరాయిస్తుంటే మాత్రం ఆగండి.

'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్': విండోస్ 10 నుంచి 11కి మారినప్పుడు పాతదాన్ని ఇలా పక్కన పెడుతుంది. ఒక్కోసారి 20 జీబీ కూడా ఉంటుంది. మామూలుగా 10 రోజుల తరువాత విండోసే తీసేస్తుంది. ఆలోపు మీరు తీసేస్తే పాత విండోస్‌కు తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో సరిగా నడుస్తోందని తేలే వరకు ముట్టుకోకండి.

'డౌన్‌లోడ్స్': టిక్ తీసి ఉంచండి. 'రీసైకిల్ బిన్' కూడా ఇప్పుడు వద్దు, దాని వంతు చివర వస్తుంది.

'రిమూవ్ ఫైల్స్' నొక్కి వదిలేయండి. అప్‌డేట్ క్లీనప్ పాత హార్డ్ డిస్కు మీద చాలాసేపు నడుస్తుంది, ఆగిపోయిందేమో అనిపిస్తుంది. కంగారుపడి స్విచ్ కట్టేయవద్దు. ఆకాశం నల్లబడి ఉంటే ఈ మెట్టును రేపటికి పెట్టుకోండి.

ఈ పేజీ తెరుచుకోకపోతే, స్టార్ట్ మెనూలో 'డిస్క్ క్లీనప్' అని వెతికి, సి డ్రైవ్ ఎంచుకుని, 'క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కండి. ఆ మీట నొక్కకపోతే పెద్ద వరుసలు జాబితాలోకి రావు. "నేను డిస్క్ క్లీనప్ చేశాను, 200 ఎంబీయే వచ్చింది" అనేవారు ఎక్కువగా ఇక్కడే ఆగి ఉంటారు.

6. టెంప్ ఫోల్డరును చేత్తో చూడండి

విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో శాతం గుర్తు, టి, ఇ, ఎం, పి, మళ్లీ శాతం గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే అక్షరాలు తెలుగులో పడి పని జరగదు. విండోస్ మీటతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. పత్రికలకు, కరపత్రాలకు డీటీపీ చేసేవారికి ఇది రోజూ ఉండే తంటానే.

ఫోల్డరు తెరుచుకోగానే అన్నీ ఎంచుకుని డిలీట్ కొట్టకండి. ముందు 'టైప్' అనే శీర్షిక మీద నొక్కి వరుస మార్చండి. వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్, ఫొటోషాప్ ఫైళ్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసి తెరిచి చూడండి.

మీ ఫైలు అక్కడికి ఎలా చేరుతుందో ఒక సంగతి చెబితే అర్థమవుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయనకు మేత లెక్కల పట్టీ జిప్ ఫైలుగా (ఫైళ్లను కుదించి కట్టిన మూటగా) వచ్చింది. ఆయన జిప్‌ను బయటకు విప్పకుండా, లోపలే రెండుసార్లు నొక్కి ఎక్సెల్ తెరిచారు. అలా తెరిస్తే విండోస్ దాని నకలును టెంప్ ఫోల్డరులో పెట్టి అది చూపిస్తుంది. ఆయన ఒక పూటంతా కూర్చుని రాసిన అంకెలన్నీ ఆ నకలులోకే వెళ్లాయి. మూసేటప్పుడు సేవ్ చేశారు కూడా. మర్నాడు జిప్ తెరిస్తే పాత పట్టీయే ఉంది. టెంప్ ఫోల్డరు ఇంకా ఊడ్చలేదు కాబట్టి ఆ నకలు దొరికింది. మెయిల్‌లో వచ్చిన జోడింపును అక్కడికక్కడే తెరిచి మార్చినా ఇలాగే ఏదో ఒక తాత్కాలిక ఫోల్డరులో ఇరుక్కుపోవచ్చు. ఇకపై ముందు సేవ్ చేసి, తరువాత తెరవండి.

చూడటం అయ్యాక 'డేట్ మాడిఫైడ్' మీద నొక్కి, వారం కంటే పాతవన్నీ ఎంచుకుని డిలీట్ చేయండి. ఈ వారంవి అలాగే ఉండనివ్వండి. మూడు రోజుల ఫైళ్లు మిగిలితే కొంప మునిగేది ఏమీ లేదు.

"ఈ ఫైలు వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది" అనే హెచ్చరిక వస్తే, అన్నింటికీ ఇదే చేయమనే గడిని టిక్ చేసి 'స్కిప్' నొక్కండి. దాన్ని ఎలాగైనా తీయాలని పంతం పట్టకండి. తెరిచి ఉందంటే వాడుకలో ఉందనే అర్థం.

7. విండోస్ సొంత టెంప్

సి డ్రైవ్‌లో 'విండోస్' ఫోల్డరు, దానిలో 'టెంప్'. అనుమతి అడిగితే 'కంటిన్యూ' నొక్కండి. ఇక్కడ కూడా వారం కంటే పాతవే తీయండి. ఫోల్డరు లోపలివి తీయాలి, ఫోల్డరును కాదు.

8. స్టూడియోలు, డీటీపీ కేంద్రాలు నడిపేవారికి

మిగతావారు దీన్ని వదిలేసి తొమ్మిదికి వెళ్లవచ్చు.

ఫొటోషాప్ మూసి ఉండగా, 'ఫొటోషాప్ టెంప్' అనే పేరు, పక్కన అంకెలు ఉన్న ఫైళ్ల కోసం చూడండి. టెంప్ ఫోల్డరులోనో, మీరు స్క్రాచ్ డిస్కుగా (ఫొటోషాప్ పని మధ్యలో వాడుకునే చోటుగా) పెట్టుకున్న డ్రైవ్ మొదట్లోనో ఉంటాయి. పని సవ్యంగా ముగిస్తే అవి ఉండవు. ఉన్నాయంటే కరెంటు పోయినప్పటివో, ప్రోగ్రామ్ దానంతట అది మూసుకుపోయినప్పటివో. ఆల్బమ్ షీట్లు చేసేవారి దగ్గర ఒక్కొక్కటీ కొన్ని జీబీలు ఉండటం చూశాను. మూడో మెట్టు చేసే ఉంటారు కాబట్టి తీసేయండి.

ప్రీమియర్ ప్రోలో 'ఎడిట్', 'ప్రిఫరెన్సెస్', 'మీడియా క్యాష్' తెరిచి, అక్కడున్న డిలీట్ మీటతోనే క్యాష్ ఫైళ్లను (వీడియోలను త్వరగా చూపించడానికి ప్రీమియర్ తయారుచేసుకునేవి) తీయండి. మీ వీడియోలకు, ప్రాజెక్టుకు ఏమీ కాదు. మళ్లీ తెరిచినప్పుడు ఆ ఫైళ్లను అదే తయారుచేసుకుంటుంది, మొదటిసారి ఆలస్యమవుతుంది. అందుకే రేపు ఇవ్వవలసిన పెళ్లి వీడియో చేతిలో ఉండగా ఈ పని పెట్టుకోకండి. అదే పేజీలో క్యాష్ ఉండే చోటును డి డ్రైవ్‌కు మార్చుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతో సి డ్రైవ్ నిండటం సగానికి సగం తగ్గిన స్టూడియోలు ఉన్నాయి.

ప్రింటర్ వరుసలో ఇరుక్కున్న పనులు కూడా ఫైళ్లే. స్టార్ట్ మెనూలో 'సర్వీసెస్' తెరిచి, 'ప్రింట్ స్పూలర్' మీద కుడి క్లిక్ చేసి 'స్టాప్' నొక్కండి. విండోస్ ఫోల్డరులో 'సిస్టమ్32', దానిలో 'స్పూల్', దానిలో 'ప్రింటర్స్' తెరిచి లోపలివి తీసేయండి. తిరిగి వచ్చి 'స్టార్ట్' నొక్కండి. ఈ చివరి పని మరచిపోయి ప్రింటర్ పాడైందని మోసుకొచ్చినవారు ఒకరిద్దరు కాదు.

9. బ్రౌజర్

క్రోమ్, ఎడ్జ్ ఏదైనా కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. కాలం దగ్గర 'ఆల్ టైమ్' పెట్టి, 'క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' ఒక్కటే టిక్ చేయండి. పాస్‌వర్డులు, కుకీలు వదిలేయండి. కుకీలు తీస్తే తెరిచి ఉన్న ఖాతాలన్నీ మూసుకుపోయి మళ్లీ లాగిన్ అడుగుతాయి. దరఖాస్తులు నింపే సెంటర్లలో, బయట జనం నిలబడి ఉండగా అంతకంటే ఇబ్బంది ఇంకొకటి లేదు.

10. చివరగా రీసైకిల్ బిన్

చేత్తో డిలీట్ చేసినవి ఇంకా సి డ్రైవ్‌లోనే, బిన్‌లో ఉంటాయి. ఒకటి రెండు రోజులు ఆగండి. మామూలుగా మీరు చేసే పనులన్నీ చేసి చూడండి: బిల్లు కొట్టండి, ఆల్బమ్ ఫైలు తెరవండి, ఒక కాగితం ముద్రించండి. అన్నీ జరిగితే బిన్ ఒకసారి తెరిచి పేర్లు చూసి, ఖాళీ చేయండి. చోటు అత్యవసరమై ఆగలేకపోయినా, ఆ పేర్లు చూడటం మాత్రం మానకండి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేస్తే బిన్‌కు వెళ్లకుండా నేరుగా పోతాయి, ఆ అలవాటు చేసుకోకండి.

ఇప్పుడు రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రాపర్టీస్ చూసి, మొదటి అంకె కింద కొత్త అంకె రాయండి.

వీటిని ముట్టుకోవద్దు

సి డ్రైవ్‌లో పెద్దగా కనిపించి ఊరించేవి కొన్ని ఉంటాయి. విండోస్ ఫోల్డరులోని 'విన్ఎస్ఎక్స్ఎస్' చేత్తో తీసేది కాదు, ఐదో మెట్టులోని అప్‌డేట్ క్లీనప్పే దాన్ని తగ్గిస్తుంది. అక్కడే ఉండే 'ఇన్‌స్టాలర్' ఫోల్డరు పేరు చూసి పాత సెటప్ ఫైళ్లనుకుంటారు. అది పోతే ఆఫీసు లాంటి సాఫ్ట్‌వేర్లను బాగుచేయడం, తీసేయడం, అప్‌డేట్ చేయడం కుదరకుండా పోతుంది. 'యాప్‌డేటా' మొత్తాన్ని తీస్తే మీ సెట్టింగులన్నీ పోతాయి, మనకు కావలసింది అందులోని టెంప్ ఒక్కటే. 'ప్రీఫెచ్' తీయమని వీడియోల్లో చెబుతుంటారు. దానివల్ల వచ్చే చోటు కొన్ని ఎంబీలు, ఆపైన ప్రోగ్రాములు కొద్దిరోజులు నెమ్మదిగా తెరుచుకుంటాయి.

'హైబర్‌ఫిల్' అనే దాచిన ఫైలు కొన్ని జీబీలు ఉంటుంది. ఇది చెత్త కాదు, నిద్రాస్థితి కోసం ఉన్నది. ల్యాప్‌టాప్‌లో అలాగే ఉంచండి, బ్యాటరీ అయిపోయేటప్పుడు మీ పనిని కాపాడేది అదే.

ఇంత చేసినా ఖాళీ రాకపోతే

తాత్కాలిక ఫైళ్లు కారణం కాదన్నమాట. 'విన్‌డర్‌స్టాట్' అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సి డ్రైవ్ మొత్తాన్ని కొలవండి. ఏ ఫోల్డరు ఎంత తింటోందో పెద్దది పైన ఉండేలా చూపిస్తుంది. చూడటానికి మాత్రమే వాడండి, తీయడం అందులో నుంచి చేయకండి. నేను చూసిన వాటిలో ఎక్కువ సార్లు తేలినవి రెండు: డెస్క్‌టాప్ మీది పాత షూటింగులు, ఫోను నుంచి రెండు మూడుసార్లు కాపీ అయిన ఫొటోల ఫోల్డర్లు. కడియం వైపు నర్సరీ వాళ్ల కంప్యూటర్‌లో ఒకే మొక్కల ఫొటోలు నాలుగు పేర్లతో నాలుగు చోట్ల ఉన్నాయి.

ఖాళీ వచ్చినా కంప్యూటర్ వేగం పెరగలేదని కొందరు నిష్ఠూరమాడతారు. డిస్కు దాదాపు నిండి ఉన్నప్పుడే తేడా తెలుస్తుంది. సగం ఖాళీగా ఉన్న డిస్కును ఎంత తోమినా వేగం రాదు, అక్కడ చూడవలసినది ర్యామ్‌నో, పాత హార్డ్ డిస్కునో.

వారం తరువాత మూడో అంకె రాయండి. ఒక్క వారంలో చాలా జీబీలు తగ్గితే ఏదో ప్రోగ్రామ్ మళ్లీ పోస్తోందని అర్థం. టెంప్ ఫోల్డరు తెరిచి 'సైజ్' వారీగా చూస్తే పేరులోనే ఆనవాలు దొరుకుతుంది.

అంకె నిలకడగా ఉంటే, 'స్టోరేజ్' పేజీలో 'స్టోరేజ్ సెన్స్' (తాత్కాలిక ఫైళ్లను విండోసే తీసేసే ఏర్పాటు) ఆన్ చేసి, నెలకొకసారి నడిచేలా పెట్టుకోండి. దాని లోపలి సెట్టింగులు తెరిచి, డౌన్‌లోడ్స్ వరుసలో 'నెవర్' అని ఉందో లేదో చూసి మూసేయండి.